దిగేముందే రాసి ఇవ్వండి

పైకప్పు బాగా లేదని తెలిసి కూడా బాయిలోకి దిగమంటే ఏం చేయాలి? బొగ్గు గనుల ప్రాంతంలో ప్రతి కార్మికుడూ, ప్రతి కార్మికుడి ఇంట్లోవాళ్లూ తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. ప్రమాదం జరిగాక పరిహారం ఎంత వస్తుందో అందరికీ అంతో ఇంతో తెలుసు. జరగకముందు చట్టం మన చేతికి ఏమిచ్చిందో తెలిసినవాళ్లు తక్కువ.

ముందుగా ఒక అపోహ తీర్చుకుందాం. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అందుకే గనిలో ఏ ఇబ్బంది వచ్చినా ఎమ్మెల్యేకో, రాష్ట్ర మంత్రికో వినతిపత్రం ఇస్తుంటారు. ఇవ్వడం తప్పేమీ కాదు. కానీ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా ప్రకారం గనుల్లో భద్రత కేంద్రం పరిధిలోని విషయం. తనిఖీ చేసేది డీజీఎంఎస్, అంటే గనుల భద్రతా డైరెక్టరేట్. దాని ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది, హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. ప్రమాదకరమైన చోట పని ఆపించే అధికారం ఆ అధికారులది. మీ కాగితం వాళ్లకు చేరకపోతే ఎంతమందికి ఇచ్చినా ఫలితం ఉండదు.

1952 నాటి గనుల చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం కింద చేసిన నిబంధనలు, కొత్త కోడ్‌కు విరుద్ధంగా లేనంతవరకు, చెల్లుతాయి. కాబట్టి 2017 నాటి బొగ్గు గనుల రెగ్యులేషన్లు పోయాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ కోడ్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది సెక్షన్ 14. తన భద్రతకు, ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం యాజమాన్యాన్ని అడిగే హక్కు కార్మికుడికి ఉంది. ప్రాణానికో ఒంటికో తీవ్రమైన ముప్పు దగ్గర్లో ఉందని సహేతుకంగా అనిపిస్తే, ఆ సంగతి యాజమాన్యానికి నేరుగా గానీ, భద్రతా కమిటీ సభ్యుడి ద్వారా గానీ చెప్పవచ్చు. అదే సమయంలో డీజీఎంఎస్ ఇన్‌స్పెక్టరుకు కూడా తెలియజేయవచ్చు. ముప్పు నిజమేనని తేలితే యాజమాన్యం వెంటనే సరిచేసి, ఏం చేసిందో ఇన్‌స్పెక్టరుకు నివేదించాలి. ‘ముప్పేమీ లేదు’ అని యాజమాన్యం అనుకున్నా అక్కడితో ఆపడానికి వీల్లేదు. విషయాన్ని ఇన్‌స్పెక్టరుకు పంపి తీరాలి. ఆయన చెప్పిందే తుది నిర్ణయం.

ముప్పు ముందుగా తెలిసేది అక్కడ పనిచేసే మనిషికే. బ్లాస్టింగ్ అయ్యాక మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. సన్నగా పొడి రాలడం, సపోర్టు దుంగలు కిర్రుమనడం, నిన్న లేని చీలిక ఇవాళ కనిపించడం, ఇవన్నీ మీకు కనబడినంత త్వరగా ఆఫీసు గదిలో ఉన్నవాళ్లకు కనబడవు. 2022 మార్చిలో సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో ఒకరు ఏరియా భద్రతాధికారి, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. కూలే బండకు హోదాతో పనిలేదు.

కాబట్టి నోటిమాటతో ఆగకండి. తెల్లకాగితం చాలు. తేదీ, షిఫ్టు, గని పేరు, ఏ ప్యానెల్, ఏ లెవెల్, ఏం చూశారు, ఏం విన్నారు, అప్పుడు ఓవర్‌మ్యాన్‌కు గానీ సర్దార్‌కు గానీ చెప్పారా, వాళ్లేమన్నారు, అన్నీ రాయండి. ‘గనిలో భద్రత లేదు’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ కదలరు. ‘రెండో షిఫ్టులో ఫలానా జంక్షన్ దగ్గర రెండు రూఫ్ బోల్టుల మధ్య పొర వేలాడుతోంది’ అని రాస్తే కదలక తప్పదు. ఒక ప్రతి మేనేజర్‌కు ఇచ్చి, మీ ప్రతిపై ముద్ర, సంతకం తీసుకోండి. ఇంకో ప్రతి డీజీఎంఎస్‌కు పంపండి. ఒంటరిగా ఇవ్వడానికి జంకు ఉంటే భద్రతా కమిటీ సభ్యుడి చేత ఇప్పించండి. 500 మంది లేదా అంతకు మించి పనిచేసే గనుల్లో కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. వాళ్లు రిజిస్టరులో రాసిన లోపానికి తీసుకున్న చర్యను మేనేజర్ అందులోనే రాయాలి.

ఒక లోటు మాత్రం దాచకుండా చెప్పాలి. ముప్పున్న చోటు నుంచి తప్పుకునే హక్కు కార్మికుడికి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో చేసిన గనుల ఒప్పందం అంటోంది. మన సెక్షన్ 14 తెలియజేసే హక్కు ఇచ్చింది గానీ, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా పనికి దూరంగా ఉండే హక్కును సూటిగా చెప్పలేదు. చట్టాన్ని ఇంత మార్చినవాళ్లు ఈ ఒక్క వాక్యం చేర్చి ఉండాల్సింది. కార్మిక సంఘాలు పట్టుపట్టాల్సింది దీనిమీదే.

శిక్షల విషయంలో మార్పు గట్టిదే. నిబంధన ఉల్లంఘన వల్ల ప్రాణం పోతే పాత చట్టంలో రెండేళ్లదాకా జైలు, లేదా ఎంత ఎక్కువైనా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మనిషి ప్రాణానికి ఆ లెక్క దశాబ్దాల పాటు సాగింది. ఇప్పుడు రెండేళ్లదాకా జైలు, లేదా కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా మృతుడి వారసులకు ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. ఇది పరిహారానికి అదనం.

ఇక పరిహారం. కాంట్రాక్టు కార్మికుడు చనిపోతే ఏరియా ఆసుపత్రి మార్చురీ ముందే బేరం మొదలవుతుంది. కాంట్రాక్టరు మనిషి కాగితాలు పట్టుకొని వస్తాడు. ఏడుస్తున్న భార్య చేత సంతకాలు పెట్టిస్తారు. దయచేసి ఆ గంటలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మరణానికి ఇవ్వాల్సిన చట్టబద్ధ పరిహారం సంబంధిత అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. చేతికిచ్చిన సొమ్ముతో ఆ బాధ్యత తీరిపోదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇవ్వాలి, తర్వాత ఆ సొమ్మును కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. నెల దాటితే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది. దరఖాస్తుకు గడువు రెండేళ్లు.

ప్రమాదంపై విచారణ నివేదిక కూడా అడగండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో డీజీఎంఎస్‌కు దరఖాస్తు పెట్టవచ్చు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రమాదానికి ముందు మీవాళ్లు ఇచ్చిన కాగితం ప్రతి కూడా మీ దగ్గర ఉంటే, ఆ నివేదిక పక్కన పెట్టి లాయరుకు చూపించండి.