నాన్నకి చెప్పాలా, వద్దా?

ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నవారి ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలకు పాలియేటివ్ కేర్ వైద్యుడి జవాబులు

ప్ర: మా నాన్నగారికి 67 ఏళ్లు. చుట్ట, బీడీ ఎరగరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో స్టేజీ, ఎముకలకీ పాకిందన్నారు. ఆయనకి మాత్రం ‘ఇన్‌ఫెక్షన్’ అని చెప్పాం. ‘ఇదెప్పటికి తగ్గుతుందే?’ అని అడిగినప్పుడల్లా మొహం తప్పిస్తున్నాను. చెబితే కుంగిపోతారంటాడు అన్నయ్య. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: ఆయనకి తెలియదని మీరు అనుకుంటున్నారు. క్యాన్సర్ వార్డు బయట జుట్టు రాలినవాళ్ల మధ్య గంటలకొద్దీ కూర్చున్న మనిషికి, తను రాగానే ఇంట్లో మాటలు ఆగిపోవడం చూస్తున్న మనిషికి చాలావరకు అర్థమయ్యే ఉంటుంది. మాకిది మామూలే. ‘ఆయనకి చెప్పకండి డాక్టరుగారూ’ అని గుమ్మం బయట కొడుకు బతిమాలతాడు. ‘నాకు తెలుసని మావాడితో అనకండి, తట్టుకోలేడు’ అని లోపల తండ్రి అంటాడు. ఒకరి కోసం ఒకరు అబద్ధమాడుతూ, ఇద్దరూ ఒంటరిగా ఏడుస్తుంటారు.

చెప్పాలా వద్దా అన్నది మీరూ అన్నయ్యా కూర్చుని తేల్చేది కాదు. ఆయన్నే అడగండి. ‘నాన్నా, ఈ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు?’ అనండి. తర్వాత కాసేపు ఊరుకోండి, ఆయన్ని మాట్లాడనివ్వండి. ‘డాక్టరు చెప్పేవన్నీ మీకూ చెప్పమంటారా, అన్నయ్యకి చెబితే చాలా?’ అని కూడా అడగొచ్చు. ‘మీరే చూసుకోండర్రా’ అంటే అదీ జవాబే, గౌరవించండి. తెలుసుకోవాలనుకుంటే, నయమయ్యే జబ్బు కాదని, నొప్పికీ ఆయాసానికీ మందులున్నాయని, తన పక్కనే ఉంటారని చెప్పండి. ఇన్ని నెలలంటూ లెక్క చెప్పకండి. ఆ లెక్క ఏ డాక్టరుకీ సరిగ్గా తెలియదు. కుంగిపోతారా అంటే, కొన్నాళ్లు కుంగుతారు. కానీ పొలం కాగితాలు సర్దుకోవాలన్నా, మాటలు మానేసిన తమ్ముణ్ణి పిలిపించుకోవాలన్నా ఆయనకి నిజం తెలిసి ఉండాలి.

పొగతాగని మనిషన్నారు కాబట్టి ఇంకో సంగతి. బయాప్సీ ముక్క మీద ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు పరీక్షలు చేశారా అని మీ డాక్టరుని అడగండి. పొగ అలవాటు లేనివాళ్లలో ఆ జన్యువుల్లో మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి. ఉంటే, కీమోకి బదులు రోజూ మాత్రలతోనే ఏళ్ల తరబడి జబ్బు అదుపులో ఉన్నవాళ్లున్నారు. నాలుగో స్టేజీ అందరిలోనూ ఒకేలా నడవదు. ఎముకలకి పాకిందన్నారు గనక ఒక జాగ్రత్త: నడుంనొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా చూడకండి. వెన్నుపాము నొక్కుకుపోతుండవచ్చు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్ర: ఇది అంటుకుంటుందా? మామగారికి కంచం, గ్లాసు వేరే పెట్టాం.
– ఒక గృహిణి, నల్లగొండ

జ: అంటుకోదు. కంచం కలిపేయండి, పిల్లల్ని ఆయన మంచమెక్కనివ్వండి.

ప్ర: అమ్మకి రాత్రిళ్లు ఆయాసం, ఛాతీలో నొప్పి. డాక్టరు మార్ఫిన్ రాశారు. అది ఆఖరి మందనీ, మొదలుపెడితే ఇక రోజులు దగ్గర పడ్డట్టేననీ మా మేనమామ అడ్డం పడుతున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జ: మేనమామగారి భయం నాకు కొత్త కాదు. మన దగ్గర మార్ఫిన్‌ని ఆఖరి రోజుల దాకా దాచి ఉంచడం వల్లే దానికా పేరొచ్చింది. డాక్టరు రాసిన మోతాదులో, చెప్పిన వేళకి ఇస్తే అది ప్రాణం తీయదు, వ్యసనంగా మారడమూ అరుదే. తక్కువ మోతాదులో ఆయాసాన్ని కూడా తగ్గిస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. అందుకే మొదటి రోజు నుంచే విరేచనాల మందు తోడుండాలి. అది రాయకపోతే అడిగి రాయించుకోండి. మార్ఫిన్‌ని చెప్పాపెట్టకుండా ఆపేయకూడదు, పిల్లలకి అందేచోట పెట్టకూడదు.

ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) తీసుకుంటే త్వరగా పోతారన్న మాటకి 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం గట్టి జవాబు. అమెరికాలోని బోస్టన్‌లో, పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పుడే బయటపడిన 151 మందిని రెండు జట్లు చేశారు. మామూలు వైద్యంతో పాటు మొదట్నుంచీ పాలియేటివ్ కేర్ అందినవారిలో దిగులు తగ్గింది. వాళ్లు బతికిన కాలం మధ్యస్థంగా 11.6 నెలలు, రెండో జట్టుది 8.9 నెలలు.

ఆయాసం వచ్చినప్పుడు అమ్మని పడుకోబెట్టకండి. ముందు బల్ల వేసి, దానిమీద దిండు పెట్టి, ముందుకి వాలి కూర్చోమనండి. చిన్న ఫ్యాన్ గాలి సరిగ్గా ముఖానికి తగిలేలా పెట్టండి. చిట్కా వైద్యమనుకోకండి, ముఖం మీద గాలి ఆడితే ఊపిరాడని భావన నిజంగానే తగ్గుతుంది. ఒంట్లో ఆక్సిజన్ తగినంత ఉన్నవారికి సిలిండర్ వల్ల అంతకన్నా ఒరిగేది పెద్దగా ఉండదు. ఆయాసం ఉన్నట్టుండి పెరిగితే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో చూపించండి, తీయించుకుంటే తేలికపడతారు.

మార్ఫిన్ ప్రతి మందుల షాపులో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక లైసెన్సుల చిక్కు కొంత తగ్గింది. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, దొరక్కపోతే అక్కడ అడగండి.

ప్ర: మావారు రెండు చెంచాల జావ కన్నా ఎక్కువ తాగడం లేదు. తిట్టి తినిపిస్తుంటే కక్కేస్తున్నారు. అవసరమైతే వెంటిలేటర్ పెట్టించమని, డబ్బు పంపుతానని అమెరికా నుంచి మా అబ్బాయి రోజూ ఫోన్. మొన్నొక రాత్రి, ఈయనకి విముక్తి దొరికితే బాగుండనిపించింది. పాపం కదా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జ: పాపం కాదమ్మా. నిద్రలేని మనిషికి వచ్చే ఆలోచన అది. మీలాంటివాళ్లలో చాలామందికి వస్తుంది, పైకి అనరంతే. వారానికి రెండు రాత్రులైనా వేరొకరిని కాపలా పెట్టి, మీరు వేరే గదిలో పడుకోండి.

తిండి మానేయడం వల్ల ఆయన నీరసించడం లేదు, జబ్బే ఆకలిని తినేస్తోంది. బలవంతంగా పోస్తే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అడిగినప్పుడు అడిగినంత పెట్టండి. పెదాలు, నోరు తడిపి ఉంచండి.

వెంటిలేటర్ ఈ దశలో జబ్బుని నయం చేయదు. చాలాసార్లు ఆఖరి రోజుల్ని ఐసీయూలో, మాట లేకుండా గడిపేలా చేస్తుంది. వద్దో కావాలో మీవారు స్పృహలో ఉండగానే చెప్పాలి. ముందస్తుగా అలా రాసిపెట్టుకోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. మీ అబ్బాయిని డాక్టరుతో వీడియో కాల్‌లో నేరుగా మాట్లాడించండి, నచ్చజెప్పే బరువు మీరు మోయకండి. వెంటిలేటర్‌కి పంపే డబ్బుతో టికెట్ కొనుక్కుని, తండ్రి మాట్లాడగలిగిన ఈ రోజుల్లోనే రమ్మనండి.