వస్త్రముపై వెలసిన వనము

ఉదయమున వీధిలోనికి వచ్చి తలయెత్తినచో చిలుకల గుంపు కూయుచు పోవుట కనబడును. పెరటిలో మామిడి చిగుర్చును. చెఱువులో తామర విచ్చును. ఇవి అందఱి కన్నులకును కనబడునవే. కాని చూచుట వేఱు, కనిపెట్టుట వేఱు. చూచినవాడు మఱునిమిషమున మఱచిపోవును. కనిపెట్టినవాడు దానిని ముగ్గులో పెట్టును, చీర అంచులో నేయును, తలుపు మీద చెక్కును. తెలుగునాట ఇట్లు కనిపెట్టిన కన్నులును, వానికి లోబడిన చేతులును కలిసి పెంచిన కళలలో కలంకారీ యొకటి.

కలమనగా లేఖిని, కారీ యనగా పని. ఈ రెండును పారసీక భాషనుండి వచ్చిన మాటలు. పేరు పొరుగుదేశమునుండి వచ్చినను పని ఈ నేలదే. ఆంధ్రదేశమున దీనికి రెండు నెలవులు గలవు. ఒకటి స్వర్ణముఖీ తీరమున నున్న శ్రీకాళహస్తి. సాలెపురుగు, పాము, ఏనుగు ఈశ్వరుని కొలిచి ముక్తి పొందిన క్షేత్రమని దానికి ప్రసిద్ధి. అచ్చట పనివారు కలము చేతబట్టి వస్త్రముపై రామాయణ భారత కథలను చిత్రించుదురు. బొమ్మల క్రింద తెలుగు అక్షరములతో కథను వ్రాయుటయు కలదు. రెండవది కృష్ణాజిల్లాలోని మచిలీపట్టణము. దాని సమీపమున నున్న పెడనలో ఈ పని నేడు విరివిగా సాగుచున్నది. అచ్చట కలమునకు మారుగా కొయ్య అచ్చులతో పువ్వులు, తీగలు, పక్షులు ముద్రించుదురు. దుప్పట్లు, తెఱలు, దిండు గలీబులు, బల్లపై పఱచు గుడ్డలు, చీరలు ఈ అచ్చుల వలన అందము పొందును.

ఈ పని యెట్లు నేర్వవలెనో తెలియుటకు ఒక బాలుడు శ్రీకాళహస్తిలో గురువు నొద్దకు చేరెనని యనుకొందము. వానికి బొమ్మలు గీయుటయందు మిక్కిలి ఆసక్తి. మొదటి దినముననే కాగితముపై మామిడికొమ్మను, దానిపై చిలుకను గీచి గురువునకు చూపెను. ముక్కు వంకర చక్కగా కుదిరినది. తోక పొడవు సరిపోయినది. గురువు చాలసేపు చూచి, “నాయనా, చిలుక కాలికి వ్రేళ్ళెన్ని?” అని యడిగెను.

“నాలుగండి” అని బాలుడు తడుముకొనక చెప్పెను.

“ముందునకెన్ని? వెనుకకెన్ని?”

“ముందునకు మూడు, వెనుకకొకటి.”

“అది కాకికాలు. చిలుకను చూచి రమ్ము” అని గురువు కాగితమును తిరిగి యిచ్చెను.

బాలుడు చిన్నబుచ్చుకొని వెళ్ళి వేపచెట్టు క్రింద కూర్చుండెను. ఒక చిలుక వచ్చి కొమ్మపై వ్రాలి, వేపపండును ఒక కాలితో పట్టుకొని తినసాగెను. అప్పుడు వానికి తెలిసినది: చిలుక కాలికి రెండు వ్రేళ్ళు ముందునకును, రెండు వెనుకకును ఉన్నవి. అందువలననే అది కొమ్మను గట్టిగా పట్టుకొనగలదు, పండును చేత పట్టినట్లు కాలితో పట్టగలదు. వాడు మఱియొకటియు కనిపెట్టెను. ఒక చిలుక మెడచుట్టు నలుపు గులాబి రంగుల పట్టె కలదు. దాని చెంతనున్న చిలుకకు లేదు. పట్టెగలది మగది, లేనిది ఆడుది. ఇన్నాళ్ళు ప్రతిదినము చూచుచున్న చిలుకను ఆ దినమే తాను మొదట చూచినట్లు వానికి తోచెను.

ఇట్లు కనిపెట్టిన పిమ్మట రెండవ మెట్టు గలదు. కన్నులకు కనబడినదంతయు వస్త్రముపై పెట్టరాదు. చిలుకకు వేల ఈకలుండును. అన్నియు గీచినచో అది మఱక వలె కనబడునేగాని చిలుక వలె కనబడదు. ఏది తీసివేసినను చిలుకయే యనిపించునో దానిని తీసివేయవలెను; ఏది తీసివేసినచో చిలుక కాకుండ పోవునో దానిని నిలుపవలెను. వంకర ముక్కు, మెడ పట్టె, పొడవగు తోక, కొమ్మను పట్టిన కాలు నిలిచినచో చాలును. రెక్కమీది ఈకలు నాలుగు వంపుగీతలలో ఇముడును. మామిడికాయ ఒక్క వంకరకొనగల బుటా యగును. నేర్పరి చేతిలో ఎంత తగ్గిన అంత పెరుగుట ఈ కళ యందలి మర్మము.

ఇక వస్త్రమును సిద్ధపఱచుట చూతము. ముతక నూలుబట్టను పేడనీటిలో నానవేసి ఎండబెట్టి తెల్లబఱచుదురు. తరువాత కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి అందు ముంచి ఆరవేయుదురు. ఈ రెండింటికిని వేర్వేఱు పనులు గలవు. కరక్కాయలో టానిన్ అను వగరు పదార్థము కలదు. అది రంగులు నిలుచుటకు ఆధారము. పాలలోని వెన్న దారముల నడుమ నిలిచి, రంగు ఇటునటు ప్రాకకుండ అడ్డగించును. పాలు లేనిచో సన్నని గీత ఉబ్బి, చిలుక కన్ను నల్లని చుక్కగా మారిపోవును.

కలము చేయుట సులభము, వాడుట కష్టము. వెదురుపుల్ల కొనను చెక్కి, కొనకు కొంచెము పైగా ఉన్నినో గుడ్డనో చుట్టి దారముతో బిగించుదురు. ఆ ఉండ రంగును పీల్చుకొని యుంచును. వ్రేళ్ళతో మెల్లగా నొక్కినపుడు రంగు కొనకు దిగును. మొదట చింతబొగ్గుతో బొమ్మను తేలికగా గీచుకొందురు. బొగ్గు గీతను తుడిచివేయవచ్చును. తరువాతి గీతను తుడువ వీలులేదు. ఏలయన నల్లరంగు వట్టి పూత కాదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి కుండలో కొన్ని వారములు పులియనిచ్చిన ద్రవమది. అది వస్త్రమును తాకగానే అందులోని ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నల్లబడి దారములలో ఇమిడిపోవును. అందువలననే గురువు చిలుక కాలిని గూర్చి అంత పట్టుబట్టినది. కాగితముపై చేసిన తప్పు కాగితముతో పోవును. వస్త్రముపై చేసిన తప్పు వస్త్రమున్నంతకాలము ఉండును.

ఎఱ్ఱరంగు కథ మఱింత వింతగా నుండును. ఎఱ్ఱగా కావలసిన చోట్ల పటికనీటిని పూయుదురు. అప్పుడు అచ్చట ఎఱుపేమియు కనబడదు. వస్త్రమును చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్ళతో కలిపి నీట మరగించినపుడు, పటిక పూసిన చోట ఎఱుపు గట్టిగా పట్టును. పూయని చోట పట్టదు, కొలదిగా అంటినను ఉదుకులో పోవును. పసుపువన్నెకు కరక్కాయ పువ్వు, నీలమునకు నీలిమందు పనికివచ్చును. ఆకుపచ్చకు వేఱు మందు లేదు: పసుపుపై నీలము పడినచో చిలుక రెక్క పచ్చనగును. ప్రతి రంగు తరువాతను వస్త్రమును ఉదికి ఎండవేయవలెను. మిగిలిన రంగు కొట్టుకొనిపోవుటకు పాఱునీరు కావలెను. నిలువనీట ఉదికినచో వదలిన రంగు మరల వచ్చి తెల్లని నేలను పట్టును. కాబట్టియే ఈ కళ ఏటి ఒడ్డున పుట్టి, ఏటిని నమ్ముకొని బ్రతుకుచున్నది.

పెడనలోని అచ్చుపని మఱియొక విధమగు జాగరూకతను కోరును. టేకుచెక్కపై బొమ్మను దించి, చిన్న ఉలులతో గీతలను నిలిపి మిగిలిన భాగమును తొలగించుదురు. ఒక రంగునకు ఒక అచ్చు చొప్పున కావలెను. నాలుగు రంగుల చిలుకకు నాలుగు అచ్చులు. అవి యన్నియు ఒకదానిపై నొకటి కచ్చితముగా కూర్చుండవలెను. ఇసుమంత తప్పినను ముక్కు ఎఱుపు ముఖమున పడును. ఇంకొక చిక్కు తీగలో గలదు. అచ్చు కుడి అంచున ఆగిన తీగ, మఱల వేసిన అచ్చు ఎడమ అంచున కలిసికొనవలెను. క్రింది కొన పై కొనతో అతుకవలెను. అట్లు కుదిరినపుడే చిన్న చెక్కముక్క పది గజముల తోటగా విస్తరించును. కుదరనిచో ఆ తప్పు వందలసారులు వరుసగా కనబడును.

ఈ వస్త్రములు ఒకప్పుడు సముద్రములు దాటి పోయినవి. గోలకొండను కుతుబ్‌షాహీలు ఏలుచుండిన కాలమున మచిలీపట్టణము గొప్ప రేవు. పారసీక దేశపు వర్తకులు అచ్చటికి వచ్చుచుండిరి. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. తూర్పుతీరపు రంగుబట్టలు ఐరోపాలో చింట్జ్ అను పేర ప్రసిద్ధికెక్కెను. ఉదికినను వెలియని రంగులు ఆ దేశములవారికి అపూర్వములు. మంచములపై పఱచు పెద్దగుడ్డలమీద ఒక మిట్టనుండి మొలచి కొమ్మలు చాచిన జీవవృక్షమును చిత్రించుచుండిరి. తమ జనుల అభిరుచికి తగినట్లు వర్తకులు ఐరోపానుండి మాదిరులను పంపగా, మన పనివారు తామెన్నడు చూడని పువ్వులను గూడ గీయవలసి వచ్చెను. వారు వెఱవలేదు. ఎఱుగని పువ్వును ఎఱిగిన కొమ్మకు అతికిరి. అందువలన ఆ వృక్షములపై ఒకే కొమ్మకు పలుజాతుల పువ్వులు పూచుట కనబడును. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున అట్టి వస్త్రములు నేటికిని భద్రముగా నున్నవి.

ఈ వ్యాపారము పెరుగుట చూచి అచ్చటి నేతగాండ్రు కలత చెందిరి. ఫ్రాన్సు 1686లో ఈ బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700, 1721 సంవత్సరములలో శాసనములు చేసి అడ్డగించెను. పిమ్మట ఐరోపాలో యంత్రములతో అచ్చువేయుట హెచ్చెను. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున జర్మనీ రసాయనవేత్తలు చిరివేరు ఎఱుపునిచ్చు పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసిరి. 1897 నుండి కృత్రిమ నీలిమందు అంగళ్ళకు వచ్చెను. చేతిపని మూలబడెను. తండ్రి నేర్చిన విద్యను కుమారునకు చెప్పుట మానెను. కూడు పెట్టని విద్య నేల నేర్పవలెనని వాని బాధ.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ దీపము కొండెక్కకుండ కొందఱు చేయి అడ్డుపెట్టిరి. 1952లో అఖిలభారత హస్తకళామండలి ఏర్పడెను. దానికి నాయకురాలగు కమలాదేవీ చట్టోపాధ్యాయగారి ప్రోత్సాహమున 1957లో శ్రీకాళహస్తియందు శిక్షణాలయము నెలకొనెను. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అచ్చట కలంకారీ నేర్పిరి. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారు ఈ కళకు చేసిన సేవకు 2008లో పద్మశ్రీ పురస్కారమందుకొనిరి. శ్రీకాళహస్తి కలంకారీకిని, మచిలీపట్టణపు కలంకారీకిని భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అనగా ఆ పేరు ఆ చోట ఆ పద్ధతిని చేసిన వస్త్రమునకే చెల్లును.

అయినను పేరును కాపాడుట చట్టమువలన మాత్రమే కాదు. చేతితో పలుమార్లు ఉదికి, ఎండబెట్టి, దినముల తరబడి చేసిన వస్త్రమును పోలిన బట్ట యంత్రముమీద నిమిషములలో తయారగుచున్నది. అంగడిలో రెండును ప్రక్కప్రక్కన వ్రేలాడును. రెంటిమీదను చిలుక యుండును. ఒకదాని వెల తక్కువ. కొనువానికి భేదము తెలియనిచో నిజమైన పని ఓడిపోవును. యంత్రపుబట్టను యంత్రపుబట్ట యని చెప్పి అమ్ముట తప్పుగాదు. దానిని చేతిపని యని చెప్పి అమ్ముట పనివాని అన్నమును అపహరించుటయే. కావున తెలిసికొని కొనువాడు గూడ ఈ కళను నిలుపువారిలో ఒకడే.

ఆ బాలుని మాట మఱచిపోరాదు. వాడు వేపచెట్టు క్రిందనుండి లేచి వచ్చి రెండవ చిలుకను గీచెను. గురువు దానిని చూచి మెచ్చుకొనలేదు, తప్పు పట్టలేదు. వెదురు కలమును వాని చేతికిచ్చి, పాలలో తడిసి ఆరిన వస్త్రపు ముక్కను ముందుంచెను. బాలుని చేయి వణకెను. వాడొకమారు కన్నులు మూసికొని కొమ్మను పట్టిన ఆ కాలిని తలచుకొనెను: రెండు ముందునకు, రెండు వెనుకకు. పిమ్మట గీత గీచెను.

బాలబాలికలారా! మీ పెరటిలోను చిలుకలు వ్రాలుచున్నవి. మీ ఊరి చెఱువులోను పువ్వులు పూచుచున్నవి. వానిని కనిపెట్టుటకు ధనము అక్కఱలేదు, ఓపిక చాలును. ఆ ఓపిక గలవాని చేతినుండియే రేపటి కలంకారీ పుట్టును.

ప్రశ్నలు

1. గురువు బాలుని మొదటి చిలుకను ఏల తిరిగి యిచ్చెను? ఆ లోపమును బాలుడెట్లు తెలిసికొనెను?
2. వస్త్రమును సిద్ధపఱచుటలో కరక్కాయయు పాలును చేయు పనులెవ్వి?
3. నల్లని గీతను తుడువ వీలుకాకుండుటకు కారణమేమి?
4. కలంకారీ క్షీణించుటకును, మఱల తలయెత్తుటకును గల కారణములను వ్రాయుడు.
5. మీ ఊరిలో కనబడు ఒక పక్షినిగాని మొక్కనుగాని వారము దినములు కనిపెట్టి, పది గీతలకు మించకుండ గీయుడు. ఏ గీతలను ఏల నిలిపితిరో వ్రాయుడు.