క్షయ నిర్ధారణకు రక్తమా, కళ్ళెనా? ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నెల రోజులుగా దగ్గుతున్న మనిషికి రక్తపరీక్షలో ‘టీబీ యాంటీబాడీ పాజిటివ్’ అని వస్తే మందులు మొదలుపెట్టవచ్చా?
- ఒక పాఠకుడు, ఈపూరు, పల్నాడు జిల్లా

జవాబు: మొదలుపెట్టకూడదు. క్షయ క్రిమి సోకినప్పుడు శరీరం యాంటీబాడీలనే రక్షక మాంసకృత్తులను తయారుచేసినా, ఆ క్రిమిని అదుపుచేసే అసలు భారం టీ-కణాలనే తెల్లరక్తకణాల మీదే పడుతుంది కాబట్టి, రక్తంలోని యాంటీబాడీలకూ ఊపిరితిత్తుల్లోని జబ్బుకూ నమ్మదగిన పొంతన కుదరదు. జబ్బున్నవారిలో అవి కనిపించకపోవడమూ, లేనివారిలో కనిపించడమూ జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఈ పరీక్షలు వాడవద్దని చెప్పగా, భారత ప్రభుత్వం 2012 జూన్‌లో వీటి కిట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది. ఆ కాగితాన్ని పక్కన పెట్టవచ్చు. దగ్గును మాత్రం పెట్టరాదు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం వంటివి ఉన్నవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కళ్ళె పరీక్షకు ఇవ్వాలి. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు అందులో క్రిమి జన్యుపదార్థాన్ని వెతికి, రిఫాంపిసిన్ అనే క్షయ మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా కొద్ది గంటల్లో తేలుస్తాయి. అయితే డబ్బాలో పడినది ఉత్త ఉమ్మి అయితే ఎంత మంచి యంత్రమైనా ఏమీ చేయలేదు. ఉదయం లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, ఊపిరి నిండా పీల్చి, రొమ్ము లోతునుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్ళె కావాలి.

ప్రశ్న: మాంటూ చర్మపరీక్ష కంటే ఖరీదైన క్వాంటీఫెరాన్ రక్తపరీక్ష మేలా? అందులో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్లేనా?

జవాబు: మాంటూలో ముంజేతి చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి, 48 నుంచి 72 గంటల తర్వాత వేలితో తడిమితే గట్టిగా తగిలే వాపును కొలుస్తారు, ఇళ్లలో కంగారు పుట్టించే ఎరుపు లెక్కలోకి రాదు. అయితే క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వేసుకున్నవారిలోనూ మాంటూ వాపు రావచ్చు. క్వాంటీఫెరాన్‌లో ఈ చిక్కు లేదు, ఎందుకంటే బీసీజీలో లేని మాంసకృత్తులను పూసిన గొట్టాల్లో రక్తాన్ని 16 నుంచి 24 గంటలు శరీరపు వేడిలో ఉంచి, క్రిమిని ఇంతకుముందే ఎరిగిన టీ-కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామాను కొలుస్తారు.

ఖరీదు ఎంతైనా అది చెప్పేది క్రిమి సోకిందనే తప్ప, అది నిద్రపోతోందో జబ్బుగా మారిందో కాదు. సోకినవారిలో జీవితకాలంలో జబ్బుపడేవారు నూటికి 5 నుంచి 10 మందే. పైగా హెచ్‌ఐవీ ఉన్నవారిలో, బాగా నీరసించినవారిలో ఫలితం తప్పుగా నెగెటివ్ కావచ్చు. రోగి ఇంట్లోని మిగతావారికి, జబ్బు లేదని తేలాక, నివారణ మందులు ఇవ్వాలా అని నిర్ణయించడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

ప్రశ్న: వేలికొస నెత్తుటి చుక్కతో క్షయను తేల్చే పరీక్షలు రావా?

జవాబు: మూడు మానవ జన్యువుల చురుకుదనాన్ని నెత్తుటి చుక్కలో కొలిచే పరీక్షపై పరిశోధనలు సాగుతున్నాయి. ఇలాంటి వాటి పని జల్లెడ పట్టడం. అనుమానితులను వేరుచేసి కళ్ళె పరీక్షకు పంపడం. సీఆర్‌పీ అనే కాలేయ మాంసకృత్తి కూడా అంతే, న్యుమోనియాలోనూ పెరుగుతుంది. మరి కళ్ళె తీయడం రాని పసిపిల్లల మాటేమిటంటే, వారు దాన్ని మింగేస్తారు కనుక, పరగడుపున ముక్కుగొట్టం ద్వారా తీసిన కడుపులోని ద్రవాన్ని గాని, మలాన్ని గాని సీబీనాట్‌లో పరీక్షించవచ్చు.