వయసైపోయిందిలే అనకే చెల్లీ

నిన్న ఫోన్లో నువ్వన్న మాట ఒకటి రాత్రంతా నా మనసులో మెదులుతూనే ఉంది. "మా పిల్లి బుజ్జి ఈమధ్య ఎక్కడ పడుకుంటే అక్కడే ఉంటోందక్కా, పదకొండేళ్ళొచ్చాయి కదా, వయసైపోయిందిలే" అన్నావు. మూడేళ్ళ కిందట మా రాజు గురించి నేనూ అచ్చం ఇదే మాటన్నాను. అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా.

రాజుకి అప్పుడు తొమ్మిదో ఏడు. పాలబ్బాయి గేటు తీసేలోపే వాకిట్లో నిలబడి ఉండే కుక్క, లేవడం మానేసింది. లేచినా ముందు కాళ్ళ మీద బరువంతా వేసి, వెనక కాళ్ళు కూడదీసుకోవడానికి రెండు మూడుసార్లు అవస్థపడి, నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు నడిచి, ఆ తర్వాత మామూలయ్యేవాడు. లాబ్రడార్ కదా, ఒళ్ళొచ్చి బద్ధకించాడనుకున్నా. ఒకరోజు అప్పుడే తుడిచిన హాల్లో పోసేశాడు. గట్టిగా కేకలేశాను. నా గొంతు విని లేవబోయాడు. టైల్స్ మీద వెనక కాళ్ళు రెండూ చెరోపక్కకి జారిపోయాయి. అలాగే చతికిలబడి నా వంక చూశాడు చెల్లీ. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. బయటికెళ్ళాలంటే వాడు మూడు మెట్లు దిగాలి. దిగలేక ఎంతసేపు ఆపుకున్నాడో!

ఎక్స్‌రే తీస్తే తుంటి కీళ్ళు అరిగిపోయాయని తేలింది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా లేస్తున్నాడమ్మా?" అని డాక్టరుగారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో అత్తగారికి మోకాళ్ళు నొప్పంటే నూనె రాస్తాం, డాక్టరుకి చూపిస్తాం. నోరులేని ప్రాణికి మాత్రం వయసని పేరు పెట్టి ఊరుకుంటాం. ముసలితనం జబ్బు కాదు. కానీ దాని చాటున దాక్కునే జబ్బుల్లో చాలావాటికి మందుంది.

కుక్కకైనా పిల్లికైనా ఏడాదికి ఏడేళ్ళని మనం వేసే లెక్క సరైంది కాదు. మొదటి ఏడాదికే మనిషి లెక్కలో దాదాపు 15 ఏళ్ళొస్తాయి, రెండో ఏడు నిండేసరికి 24. ఆ తర్వాత నెమ్మదిస్తుంది. పెద్ద జాతి కుక్కలు ఏడో ఏటికే పెద్దవాళ్ళైపోతాయి, పొమేరియన్ లాంటి చిన్నవి పదేళ్ళకి. నీ బుజ్జి ఇప్పుడు అరవయ్యో పడిలో ఉందనుకో.

పిల్లితో ఇంకో చిక్కుంది. కుక్కైతే కుంటుతుంది, మూలుగుతుంది. పిల్లి నొప్పిని కడుపులోనే దాచుకుంటుంది. కాబట్టి అది ఏం చేస్తోందని కాదు, ఏం మానేసిందని చూడు. బీరువా ఎక్కి కూర్చునేది కదా, ఇప్పుడు ఎక్కుతోందా? లేక మంచం మీంచి స్టూలు మీదికి, అక్కణ్ణుంచి కిందికి దిగుతోందా? నడుము దగ్గర వెంట్రుకలు ఉండకట్టాయా? వెనక్కి తిరిగి నాక్కోలేకపోతే అలాగే అవుతుంది. మట్టి ట్రే పక్కనే పోస్తోందంటే పొగరు కాదు, ట్రే అంచు దాటడానికి కాళ్ళు సహకరించడం లేదేమో. ఒకవైపు అంచు కోసి ఇవ్వు.

నీళ్ళ గిన్నె మాటేమిటి? రోజుకోసారి నింపేది రెండుసార్లు నింపుతున్నావంటే ఆలస్యం చెయ్యకు. ముసలి పిల్లులకి మూత్రపిండాల జబ్బు బాగా ఎక్కువ. ఆబగా తింటూ చిక్కిపోతోందంటే థైరాయిడ్ కావచ్చు, షుగర్ కావచ్చు. దాన్ని ఎత్తుకుని కాటా ఎక్కి, నీ బరువు తీసేసి, నెలకోసారి క్యాలెండర్ మీద రాసిపెట్టు. 4 కిలోల పిల్లి అరకిలో తగ్గిందంటే 60 కిలోల మనిషి ఏడెనిమిది కిలోలు తగ్గినట్టు.

కళ్ళలో నీలిపొగలా కనిపిస్తోందన్నావు. వయసుతో కంటి కటకం గట్టిపడితే అలాగే కనిపిస్తుంది, చూపుకి పెద్ద నష్టం ఉండదు. తెల్లగా ముసురుకుంటే శుక్లం. ఏదన్నది డాక్టరు చూసి చెప్పాల్సిందే.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించు. నొప్పిగా ఉందేమోనని మనం వేసుకునే మాత్ర దానికి వెయ్యొద్దు. పారాసిటమాల్‌ని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. నాకు తెలిసినవాళ్ళింట్లో పెద్దావిడ ప్రేమకొద్దీ పాలల్లో కలిపి పెట్టింది. మర్నాటికి పిల్లి లేదు. ఆవిడ ఇప్పటికీ ఆ గిన్నె వంటింట్లో పెట్టుకోదు. ఐబుప్రొఫెన్ కుక్కలకీ ప్రమాదమే, కడుపులో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మీ ఎదురింటివాళ్ళ ఆడ పొమేరియన్‌కి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదని చెప్పావు కదా. ఎదకొచ్చిన కొన్ని వారాలకి నీళ్ళు తెగ తాగి, తిండి మానేసి, డీలాపడితే గర్భసంచిలో చీము పట్టిందేమో. అది రేపటిదాకా ఆగే జబ్బు కాదని వాళ్ళకి చెప్పు.

బుజ్జి నిద్రపోతున్నప్పుడు డొక్క ఎగసిపడటం ఒక నిమిషం లెక్కపెట్టు. 30 లోపుంటే సరే. రోజూ అంతకు మించుతోందంటే గుండెనో ఊపిరితిత్తులనో అనుమానించాలి. నోరు వాసనొస్తోందంటే పళ్ళకి గార పట్టి చిగుళ్ళు వాచాయేమో చూపించు. రాత్రిళ్ళు ఊరికే అరుస్తూ గోడవంక చూస్తూ నిలబడితే మతిమరుపు కావచ్చు, బీపీ కావచ్చు, కసిరిపారెయ్యకు. ఆర్నెల్లకోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించి బీపీ చూపించు. తిండి పూర్తిగా మానేస్తే మాత్రం రెండ్రోజులు కూడా చూడకు, పిల్లికి కాలేయం పాడైపోతుంది.

రాజుకి డాక్టరు నొప్పి మందిచ్చారు. అన్నం తగ్గించి ఐదు కిలోలు దించాం. మెట్ల మీద చెక్కతో వాలు కట్టించాం. టైల్స్ నిండా గోనెపట్టాలు పరిచాను, వచ్చినవాళ్ళు ఏమనుకుంటే నాకేం. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత వంటింటి గడప పక్కన వేశాను. ఇప్పుడు వాడికి పన్నెండేళ్ళు, చెవులు బొత్తిగా వినిపించవు. నిద్రలో ఉన్నప్పుడు ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నాడని, దగ్గరికెళ్ళే ముందు పాదంతో నేలమీద రెండుసార్లు తడతాను. ఆ అదురు తగలగానే కళ్ళు తెరవకుండానే తోక కదిలిస్తాడు.

శనివారం బుజ్జిని డాక్టరుకి చూపించి నాకు ఫోన్ చెయ్యి. బుట్టలో దాని పాత తువ్వాలు వెయ్యడం మర్చిపోకు.