రాతి పంజరాల కంచె – పాడి రైతులు గమనించవలసిన విషయాలు

మల్దకల్ ప్రాంతపు ఎర్ర చెలకల్లో దున్నినప్పుడల్లా రాళ్ళు పైకి తేలుతాయి. వాటిని ఏరి గట్లమీద కుప్ప పోయడం మన రైతులకు అలవాటే. పశుగ్రాసపు మడికి మాత్రం ఏటేటా ముళ్ళకంప నరికి వేస్తున్నారు. రెండు వానలకు అది చెదలు పట్టి కూలుతుంది. గట్టున పడి ఉన్న రాయినే కంచెగా వాడుకోరాదా అని సభ్యులు మమ్ములను అడుగుతున్నారు. వాడుకోవచ్చును. అయితే తీగ విషయంలో జాగ్రత్త అవసరం.

తీగజాలితో పెట్టె అల్లి, రాళ్ళు నింపి వరుసగా నిలిపే ఈ పద్ధతిని ఇంజనీర్లు గేబియన్ అంటారు. ఇటలీ భాషలో 'పెద్ద పంజరం' అనే మాటనుండి ఈ పేరు వచ్చినది. వాగు గట్లు కోసుకుపోకుండా దీనిని ఎంతోకాలంగా కడుతున్నారు. అమెరికాలోని నాపా లోయలో 1990ల చివర కట్టిన డొమినస్ ద్రాక్షసారా కర్మాగారపు గోడలు కూడా ఇట్టివే. ఇప్పుడు తోటల అందానికి సైతం వాడుతున్నారు.

మన కంచెకు 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, 1 మీటరు ఎత్తు గల పెట్టె చాలును. నిండితే రమారమి 16 క్వింటాళ్ళు తూగుతుంది. అంతకు మించి ఎత్తు లేపరాదు; పిల్లలు ఎక్కుతారు, బర్రెలు ఒళ్ళు రుద్దుకుంటాయి. అడుగున మెత్తని మట్టి తీసి మొరం దిమ్మిస వేయవలెను. నల్లరేగడి అయితే మరింత లోతు తీయవలెను, ఆ నేల ఉబ్బి కుంగుతుంది. కోళ్ళ జాలి పనికిరాదు, పొట్ట ఉబ్బి తెగుతుంది. జింకు పూత ఉన్న జి.ఐ. తీగ, సుమారు 2.7 మిల్లీమీటర్ల మందానిది తీసుకోవలెను. రాయి జాలి కన్నుకంటె పెద్దదిగా, సుత్తితో కొడితే ఖంగుమనేదిగా ఉండవలెను. గుమ్మరించక చేతితో పేర్చి, ప్రతి అడుగు ఎత్తుకు ముందు వెనుక ముఖాలను అడ్డతీగలతో బిగించవలెను.

ఇక అసలు సంగతి. కత్తిరించిన తీగముక్కలు గడ్డిలో పడితే చాఫ్ కట్టర్ గుండా మేతలో కలుస్తాయి. పశువు మేతను ఏరుకొని తినదు, నమలకుండానే మింగుతుంది. ముక్క తేనెపట్టువంటి రెండవ పొట్టలో నిలిచిపోతుంది. దానికి ముందు, పలుచని పొర అవతల, గుండె ఉన్నది. చూడి పెరిగినప్పుడు, ఈనేటప్పుడు ఒత్తిడికి తీగ గుండెవైపు నెట్టబడుతుంది. మేత మానడం, పాలు ఒక్కసారిగా తగ్గడం, వీపు వంచి ముందుకాళ్ళు ఎడంగా పెట్టి నిలబడడం, కదిలితే మూలగడం దీని గుర్తులు. గంగడోలు వాచేవరకు ఆగితే పశువు దక్కడం అరుదు. వెంటనే పశువైద్యునికి చూపవలెను. కావున జాలిని మేతకు దూరంగా పట్టా పరచి కోయవలెను. ముక్కలు డబ్బాలో వేసి, పని ముగిశాక అయస్కాంతంతో నేల వెతకవలెను. తీగ కొనలను రాళ్ళలోనికి వంచనిచో పొదుగు చీరుకొనును.

సంఘ ఆవరణలో ఈ కంచెను పాలగదికి ఆనించి కట్టరాదు. రాళ్ళ సందులలో తేళ్ళు, పాములు, ఎలుకలు చేరును. గేటు పక్కన చిన్న పంజరాలు నిలిపి పూలతీగ పాకించినచో చూడముచ్చటగానే ఉంటుంది. కాని సభ్యుల పాలబిల్లులు బాకీ పెట్టి ముఖద్వారం అలంకరించడం మాకు సమ్మతం కాదు. ముందుగా అంచనా సర్వసభ్య సమావేశంలో చదివి తీర్మానం చేయవలెను. జాలి కొన్న రసీదు, కూలీల మస్టరు ఆడిట్‌కు భద్రపరచవలెను.