బోర్డు గోడ మీద గీజర్

అల్లుడా,

పత్తర్‌గట్టి వెనక గల్లీల నువ్వు పట్టిన లాడ్జి పని ఫొటో చూసిన. జిప్సం బోర్డు పార్టిషన్ మీద 25 లీటర్ల గీజర్ ఎక్కియ్యమని సేటు అంటున్నడు, గిట్టీలు కొట్టి స్క్రూలు బిగిస్తే ఆగుతదా అని అడిగినవ్. ఆగదు. బిగించిన పూట ఆగినట్టే కనపడతది, చిక్కంతా అక్కడే ఉన్నది.

ముందుగాల బరువు లెక్క చూడు. లీటరు నీళ్లంటే కిలో. ఖాళీ గీజర్ ఇంకో 10 కిలోలు అనుకో, సరిగ్గా ఎంతో దాని మీది స్టిక్కరు చెప్తది. మొత్తం 35.

ఆ 35 కిలోలు కిందికి గుంజుడొక్కటే అయితే నయమే. గీజర్ పొట్ట గోడ నుంచి బయటికి ఉంటది గదా! దాని బరువు నడిమిభాగం గోడకు 20 సెంటీమీటర్ల దూరంల ఉన్నదనుకో. పై స్క్రూలకు, కింద అది గోడకు ఆనే చోటుకు నడుమ 30 సెంటీమీటర్లు. 35ను 20తో గుణించి 30తో భాగించు. 23 కిలోల పైచిలుకు బలం ఆ పై స్క్రూలను గోడల నుంచి బయటికి పీకుతనే ఉంటది, రాత్రి పగలు. ఇటుక గోడల గిట్టి ఉబ్బి పట్టుకుంటది. పన్నెండున్నర మిల్లీమీటర్ల బోర్డుల ఉన్నదేంది? రెండు కాగితాల నడుమ గట్టిపడ్డ జిప్సం. బాత్రూంలకని ఆకుపచ్చ బోర్డు వేసిన్రని సేటు అంటడు. అది తేమకు తట్టుకుంటది, అంతే. బరువు మొయ్యడానికి దాని రంగు అక్కరకు రాదు.

గోడ వెనక ఏమున్నదో చూసినంక డ్రిల్లు ఎత్తు. పాత స్పీకర్ల అయస్కాంతం గుడ్డల చుట్టి బోర్డు మీద మెల్లగ జరుపు. స్క్రూ తలల మీద పట్టుకుంటది. పైనుంచి కిందికి ఒకే వరుసల పట్టుకుంటే ఆడ ఇనుప చానెల్ ఉన్నట్టు. సాధారణంగా 60 సెంటీమీటర్లకొకటి, కొన్నిచోట్ల 40కి ఉంటది. కానీ ఆ చానెల్ కూడా పలచని రేకే. అద్దానికి, తువ్వాల రాడ్డుకు పనికొస్తది, గీజర్‌కు కాదు. అందుకే రెండు చానెళ్ల నడుమ బోర్డు కోసి, 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డు చానెళ్లకు బిగించి, మళ్ల బోర్డు మూసి, ఆ ప్లైవుడ్డుకు బ్రాకెట్ బిగియ్యాలె. బోర్డు ఎక్కియ్యకముందే చెప్పి ఉంటే అరపూట పని. ఇప్పుడు కోసుడు, మూసుడు, పెయింటు అన్నీ ఉంటయ్.

అయితే నువ్వున్నది పాతబస్తీల. 1908 మూసీ వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి దుకాణాల వరస పత్తర్‌గట్టి, దాని వెనక ఇండ్లు ఇంకా పాతవి ఉంటయ్. నీ జిప్సం బోర్డు వెనక ఖాళీనే ఉండాలని లేదు, పాత గోడ ఉండొచ్చు. చిన్న బెజ్జం కొట్టి, తీగ దూర్చి సందు ఎంతుందో చూడు. దానికంటే ముందు కరెంటు మెయిన్ ఆపు, నీళ్ల పైపు ఎటు పోయిందో సేటును అడుగు.

పాత గోడ అయితే సంబురపడకు. చార్మినార్ రాయితో, సున్నంతో 1591ల కట్టిన్రు, పైన కనపడే పూలు, తీగలు గచ్చు పని. 2019 మేల ఒక మినార్ మీది గచ్చు పెచ్చు ఊడి కింద పడ్డది. మినార్ నిలబడే ఉన్నది. నీ లాడ్జి గోడల కూడా అంతే, మోసేది వేరు, కనపడేది వేరు. రంధ్రం చేసేటప్పుడు హ్యామర్ ఆపేసి, నిదానంగ తొలువు. రాలే పొడి చూడు. తెల్లగ, మెత్తగ వస్తే డంగు సున్నం, అక్కడ ఆగకు, చోటు మార్చు. ఎర్రగ వస్తే ఇటుక, బూడిదరంగుల గరుకుగ వస్తే రాయి. సున్నంతో కట్టిన పాత గోడల ఉబ్బే బోల్టు వేస్తే గోడనే పగుల్తది. అసుంటి గోడల ఇటుకల గానీ రాయిల గానీ జాలీ గొట్టం దూర్చి కెమికల్ పోసి బోల్టు నిలబెట్టు, పూర్తిగ గట్టిపడేదాక ముట్టకు. బోర్డుకు గోడకు నడుమ సందుంటే బోల్టు చుట్టూ ఇనుప పైపు ముక్క తొడుగు, లేకుంటే బిగించినకొద్ది బోర్డు నలుగుతది. సందు రెండు మూడు వేళ్లు దాటితే ఈ పద్ధతే వద్దు, బోల్టు వంగుతది.

నన్నడిగితే ఇన్ని తిప్పలెందుకు, ఇనుప యాంగిల్ తోటి స్టాండ్ చేసి బరువు నేల మీద పెట్టు. గోడకు ఇటు అటు ఊగకుండ పట్టి బిగిస్తే చాలు. జాగ పోతదని సేటు మొఖం మాడుస్తడు, మాడ్చనీ.

ఇంకొకటి. చార్మినార్‌కు 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం, మరమ్మతుకు కూడా అనుమతి కావాలె. లాడ్జి ఆ గీత లోపల ఉన్నదో లేదో సేటునే చెప్పమను.

సందు కొలిచి, గీజర్ స్టిక్కరు ఫొటో తీసి పంపు. దాన్నిబట్టి ఏం చెయ్యాల్నో చెప్త.

నీ మేనమామ