కమీషన్ తగ్గించిందెవరు?

మా హచ్చొళ్ళి వైపు వరి కోతలు మొదలైతే దలాలి ఫోను ఊరుకోదు. సిరుగుప్ప రైసుమిల్లు నుండి పొద్దున్నే రేటు వస్తుంది. వడ్లలో తేమ ఎంతవరకు ఉండొచ్చు, బస్తాకు తరుగు ఎంత, తనకు దలాలీ ఎంత, అన్నీ ఆ రెండు మాటల్లోనే తేలిపోతాయి. దలాలి సొంతంగా వడ్లు కొనడు, అమ్మడు. కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలుపుతాడు, అంతే. మిల్లు మాట సరిగా చేరకపోతే ఊళ్లో మాట పడేది మిల్లు కాదు, ఆయనే.

ఇంటర్నెట్ వ్యాపారంలో ఇలాంటి మనిషిని అఫిలియేట్ అంటారు. వ్యాపారి ఒక లింకు ఇస్తాడు. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే లింకు పంపినవాళ్లకు కమీషన్. అమెజాన్ 1996లోనే ఈ పద్ధతి పెట్టింది. 2015లో బెంగళూరులో మొదలైన మీషోది కాస్త వేరే దారి. అందులో ఆడవాళ్లు చీరల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి, ధర మీద తమ లాభం తామే వేసుకొని అమ్మేవాళ్లు. లింకు పంపేవాళ్లకు ఆ వీలు లేదు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వకూడదో వ్యాపారే చెబుతాడు. కాబట్టి ఆయన పంపే మెసేజే వీళ్లకు ఒప్పందపత్రం, కూలి చీటీ కూడా.

నిబంధనలు చిన్నవేం కావు. అమెజాన్‌లో లింకు నొక్కాక మామూలుగా 24 గంటల గడువు. మన లింకుతో మనమే కొనుక్కుంటే ఏమీ రాదు. కొన్నది తిరిగి పంపిస్తే కమీషన్ కూడా వెనక్కి పోతుంది. ఇలాంటివి పేజీలకు పేజీలు ఉంటాయి. చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' నొక్కేస్తాం. నేనూ నొక్కినదాన్నే.

మా పెద్దమ్మ కూతురు ఒక దుకాణం లింకులు బంధువుల గ్రూపుల్లో పంపేది. ఒక నెల 640 రూపాయలు కనిపించాయి. చేతికొచ్చేసరికి 210. మెసేజు మాత్రం తెలుగులోనే వచ్చింది: "మీ కమీషన్ సవరించబడింది. అర్హత లేని ఆర్డర్లు తొలగించబడ్డాయి."

"ఏమ్మే, తెలుగు చదువుతాండావు గదా, దీనికి అర్థం చెప్పు" అంది అక్క. చదివాను. ప్రతి మాటా తెలిసిందే, సంగతే తెలియలేదు.

తరగతిలో కర్తరి, కర్మణి ప్రయోగాలు చదువుకున్నాం. "రాముడు రావణుని చంపెను", "రామునిచేత రావణుడు చంపబడెను". రెండో వాక్యంలో 'రామునిచేత' తీసేసినా వాక్యం నిలబడుతుంది. చంపినవాడు మాత్రం కనబడడు. ఇంట్లో ఎవరూ "అన్నం తినబడింది" అనరు. ఆఫీసు కాగితాల్లో మాత్రం ఈ 'బడు' బాగా ఉంటుంది, ఇప్పుడు ఫోన్లలోకీ వచ్చింది. సవరించిందెవరు? ఏ ఆర్డర్లు? ఎందుకు? పరీక్షలో ఇలా రాస్తే మేడం మార్కులు తగ్గిస్తారో లేదో గానీ, అక్కకు 430 రూపాయలు తగ్గాయి.

వస్తువులు వెనక్కి రావడమే కారణం అనుకుందాం. మిల్లు దలాలికి చెప్పినట్టు చెబితే ఇలా ఉంటుంది:

"అమ్మా, మీ లింకుతో వచ్చిన 9 ఆర్డర్లలో 6 వెనక్కి వచ్చాయి. సైజు సరిపోలేదని కొన్నవాళ్లు చెప్పారు. ఆ ఆరింటి కమీషన్ 430 రూపాయలు మేము తగ్గించాం. మిగతా 210 రూపాయలు 10వ తేదీన మీ ఖాతాలో వేస్తాం. అనుమానం ఉంటే ఫోన్ చేయండి."

ఇందులో 'మేము' ఉంది. కారణం కూడా ఉంది. అది తెలిస్తే మరుసటి నెల అక్క సైజుల పట్టీతో కలిపి లింకు పంపేది, వ్యాపారికీ తిరుగు సరుకు తగ్గేది.

వ్యాపారి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ప్రతిఫలం తీసుకొని వస్తువును మెచ్చుకునే ప్రముఖులు, ఇన్‌ఫ్లూయెన్సర్లు ఆ సంగతి సులభమైన భాషలో బయటపెట్టాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. గ్రూపులో లింకు పెట్టే అక్కలాంటివాళ్లకూ ఒక వాక్యం భారం కాదు: "దీంతో కొంటే నాకు కమీషన్ వస్తుంది." అక్కకు ఆ మాట కూడా ఎవరూ చెప్పలేదు.

చివరికి ఇద్దరం కూర్చొని దుకాణానికి రాశాం: "మీరు ఏ ఆర్డర్లు తీసేశారు? ఎందుకు తీసేశారు?"

మరుసటి రోజే జవాబు వచ్చింది: "మీ ఫిర్యాదు స్వీకరించబడింది."